నిప్పులు కక్కే దీవి



కొండలు మనకు కొత్త కాదు. మన దొర్నిపాడుకు తూర్పున నల్లమల ఉంది. పడమట ఎర్రమల కొండలున్నాయి. వాటి మీద వాన పడుతుంది. వంకలు పారుతాయి. మేకలు మేస్తాయి. ఎండాకాలంలో ఒక్కోసారి ఎండుగడ్డికి మంట అంటుకుంటుంది. అంతేగాని కొండ కడుపులోంచి నిప్పు రావడం మనం చూడలేదు. మన అవ్వలు చూడలేదు. వాళ్ల అవ్వలూ చూడలేదు.

అలాంటి కొండ మన దేశంలోనే ఒకటి ఉంది. అది సముద్రం నడుమ ఉంది. దాని పేరు బారెన్ దీవి. బారెన్ అంటే బీడు అని అర్థం. బీడు దీవి అన్నమాట.

2025 సెప్టెంబరులో ఈ దీవి పేరు పేపర్లలో, టీవీల్లో వచ్చింది. ఆ నెల 13న ఒకసారి, 20న ఇంకోసారి అది నిప్పులు కక్కింది. పేలుళ్లు చిన్నవే. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ సెల్‌ఫోన్లలో ఆ బొమ్మలు ఊరూరా తిరిగాయి. ఎర్రని మంట, నల్లని పొగ చూసి చాలామందికి భయం వేసింది. "ఇది ఇంకా పెద్దదవుతుందా? సముద్రం పొంగుతుందా? మన దాకా వస్తుందా?" అని అడిగారు.

అడగడం మంచిదే. తెలియనిది అడగాలి. తెలుసుకుంటే భయం ఎంత పడాలో, ఎప్పుడు పడాలో తెలుస్తుంది. రండి, తెలుసుకుందాం.

ఈ దీవి ఎక్కడుంది?

మన రాష్ట్రానికి తూర్పున బంగాళాఖాతం ఉంది. ఆ సముద్రం దాటి పోతే అండమాన్ దీవులు వస్తాయి. అవీ మన దేశానివే. అక్కడి పెద్ద పట్నం పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దాని పేరును శ్రీ విజయపురం అని మార్చారు. ఆ పట్నానికి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బారెన్ దీవి ఉంది. మన దొర్నిపాడు నుంచి లెక్క వేస్తే దాదాపు 1,700 కిలోమీటర్లు.

దీవి చిన్నది. ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 3 కిలోమీటర్లు. నీళ్ల మీదికి కనిపించే కొండ ఎత్తు 350 మీటర్ల చిల్లర. కానీ కనిపించేది కొంతే. అసలు కొండ సముద్రం అడుగు నుంచి లేచింది. నీళ్ల కింద ఉన్న భాగం రెండు వేల మీటర్లకు మించి ఉంటుంది. నిండు బానలో రోకలి నిలబెడితే కొస ఒక్కటే పైకి కనిపిస్తుంది కదా! అలాగే ఇదీ.

ఆ దీవిలో మనుషులు కాపురం ఉండరు. ఊరు లేదు, గుడి లేదు, బడి లేదు. బ్రిటిషు వాళ్ల కాలంలో ఓడల వాళ్లు వదిలిన మేకలు మాత్రం అక్కడ పెరిగాయి. కాపరి లేని మందలు అయ్యాయి. అడవి మేకల్లా బతికాయి.

అండమాన్‌లో మనవాళ్లు

అండమాన్ అంటే మనకు సంబంధం లేని చోటు అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ వంద మందిలో సుమారు 13 మంది ఇంట్లో మాట్లాడే మాట తెలుగే. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఎందరో అక్కడికి పోయారు. చేపలు పట్టారు. కూలి చేశారు. అంగళ్లు పెట్టారు. కొన్ని కుటుంబాలు తరాల తరబడి అక్కడే ఉన్నాయి.

అందుకే ఆ దీవి మండినప్పుడు కొంతమంది తెలుగు తల్లులకు గుండె దడదడలాడింది. "మా కొడుకు అక్కడే ఉన్నాడే! మా బిడ్డ కాపురం అక్కడే కదా!" అనుకున్నారు. కానీ కొండ ఉన్న దీవి వేరు, మనుషులు ఉన్న దీవులు వేరు. నడుమ చాలా సముద్రం ఉంది.

రాయి కూడా కరుగుతుందా?

కరుగుతుంది. నీళ్లు మరగడానికి 100 డిగ్రీల వేడి చాలు. రాయి కరగడానికి వెయ్యి డిగ్రీల దాకా కావాలి. బారెన్ దీవిలో పారే కరిగిన రాయి వేడి సుమారు 1,100 డిగ్రీలు ఉంటుంది. అంటే మరిగే నీళ్ల కన్నా పదింతలకు పైగా.

కరిగిన రాయి నేల లోపల ఉన్నప్పుడు దాన్ని మాగ్మా అంటారు. బయటికి వచ్చి పారితే లావా అంటారు. లావా బయటికి వచ్చే కొండను అగ్నిపర్వతం అంటారు.

మరి రాయి అక్కడే ఎందుకు కరుగుతుంది? మన ఊరి కింద ఎందుకు కరగదు?

ఎండాకాలంలో మన నల్లరేగడి చేను చూడండి. నెర్రెలు బారి పెద్ద పెద్ద బిళ్లలుగా చీలి ఉంటుంది. భూమి పైపొర కూడా అలాగే పెద్ద పెద్ద పలకలుగా చీలి ఉంది. ఒక్కో పలక దేశాలంత పెద్దది. మనం ఉన్నది ఒక పలక మీద. అండమాన్ దీవులు ఉన్నది దాని పక్క పలక మీద.

ఈ పలకలు కదులుతుంటాయి. కదలిక మనకు కనిపించదు. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. మన చేతి గోరు పెరిగినంత మెల్లగా అన్నమాట. మన పలక అండమాన్ దగ్గర పక్క పలక కిందికి దూరుతుంది. ఒక చాప కిందికి ఇంకో చాప జరిగినట్లు.

మన పలక కిందికి పోయేటప్పుడు సముద్రపు తడిని కూడా లోపలికి తీసుకుపోతుంది. ఆ తడే అసలు పని చేస్తుంది. మీరు బెల్లం పాకం పడతారు కదా! బాణలిలో ఉత్త బెల్లం వేస్తే తొందరగా కరగదు, మాడుతుంది. నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే చప్పున కరుగుతుంది. లోపల వేడిగా ఉన్న రాయి కూడా అంతే. తడి తగిలితే తక్కువ వేడికే కరుగుతుంది. కరిగిన రాయి గట్టిరాయి కన్నా తేలిక. అందుకే పైకి తేలుతుంది. సందు దొరికిన చోట బయటపడుతుంది. బారెన్ దీవి అలాంటి సందు మీద ఉంది.

మన ఊరి కింద అలాంటి అతుకు లేదు. మనం పలక నడుమ ఉన్నాం. మన కింద ఉన్న రాళ్లు నిప్పులోంచి వచ్చినవి కావు. మన ఇళ్లలో పరిచే నాపరాయి సున్నపురాయి జాతి. అది కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న రాయి. భూగర్భ శాస్త్రం చదివేవాళ్ల పుస్తకాల్లో కోయిలకుంట్ల సున్నపురాయి అని ఒక రాయికి పేరుంది. నంద్యాల పలకరాయి అని ఇంకో దానికి పేరుంది. మన ఊళ్ల పేర్లే! మన నేల కథను చదువుకున్నవాళ్లు అంత శ్రద్ధగా రాసుకున్నారు.

సంగటి ఉడికినట్లు

అగ్నిపర్వతం కొన్నిసార్లు మెల్లగా పారుతుంది. కొన్నిసార్లు పేలుతుంది. ఎందుకని?

పొయ్యి మీద సంగటి ఉడికేటప్పుడు చూడండి. లోపల ఆవిరి పుడుతుంది. బుడగ పైకి వస్తుంది. టప్పుమని పగులుతుంది. వేడి చుక్క ఎగిరి చెయ్యి కాలుస్తుంది. పలుచని గంజిలో అయితే ఆవిరి సులువుగా పోతుంది. సంగటి చిక్కన కాబట్టి ఆవిరి పోలేదు, పగిలిపోతుంది.

మాగ్మాలో కూడా ఆవిరి, వాయువులు ఉంటాయి. మాగ్మా పలుచగా ఉంటే అవి సులువుగా బయటపడతాయి. లావా పారుతుంది, చిన్న చిన్న చిమ్మడాలు ఉంటాయి. మాగ్మా చిక్కగా ఉంటే వాయువులు లోపలే చిక్కుకుంటాయి. ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా పేలుతుంది. గోలీసోడా గట్టిగా ఊపి గోలీ నొక్కినట్లు.

బారెన్ దీవిలో మాగ్మా ఎక్కువగా పలుచని రకం. అందుకే ఈ మధ్య కాలంలో అక్కడ జరిగినవి చాలావరకు చిన్న, నడిమి రకం పేలుళ్లే.

పడుకుంది, లేచింది

బారెన్ దీవి మండడం 1787లో మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది. 1789లో బ్లెయిర్ అనే ఇంగ్లీషు ఓడ అధికారి దగ్గరికి పోయి చూశాడు. పోర్ట్ బ్లెయిర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. తర్వాత కొన్నేళ్లు అప్పుడప్పుడు మండింది. ఆపైన దాదాపు 150 ఏళ్లు నిద్రపోయింది.

చాలామంది అది చల్లారిపోయింది అనుకున్నారు. కానీ 1991లో లేచింది. నెలల తరబడి మండింది. 1994, 1995లో మళ్లీ మండింది. 2005 మే నెలలో మళ్లీ లేచింది. అప్పటి నుంచి తరచుగా పొగ, నిప్పు కనిపిస్తూనే ఉన్నాయి.

2017 జనవరి 23న గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ఓడలో దాని దగ్గర పని చేస్తున్నారు. సముద్రం అడుగు మట్టి తీసి చూస్తున్నారు. ఉన్నట్టుండి కొండ బూడిద చిమ్మింది. వాళ్లు ఓడను మైలు దూరం జరిపి గమనించారు. పగలు బూడిద పొగ ఒక్కటే కనిపించింది. పొద్దు గూకిన తర్వాత ఎర్రని లావా చిమ్మడం, కొండ వాలు మీద పారడం కనిపించింది. ఒక్కోసారి ఐదు, పది నిమిషాలు చిమ్మి ఆగేది. మళ్లీ చిమ్మేది.

దీని వల్ల మనకు ఏం తెలుస్తుంది? కొండ వందేళ్లు పడుకున్నా చచ్చినట్లు కాదు. పొయ్యిలో బూడిద కప్పిన నిప్పును చూసి ఆరిపోయింది అనుకుని చెయ్యి పెడితే ఏమవుతుంది? అగ్నిపర్వతం కూడా అంతే.

"కదలిక పెరిగింది" అంటే ఏమిటి?

అగ్నిపర్వతం గురించి వార్తల్లో "కదలిక పెరిగింది" అని వస్తుంది. ఆ మాటకు అర్థం పెద్ద పేలుడు తప్పకుండా వస్తుందని కాదు. కొండ లోపల ఏదో మారుతోంది, జాగ్రత్తగా చూడాలి అని అర్థం.

శాస్త్రవేత్తలు నాలుగు సంగతులు చూస్తారు.

ఒకటి, చిన్న చిన్న భూకంపాలు. మాగ్మా సందులో దూరి పైకి వచ్చేటప్పుడు రాళ్లు పగులుతాయి. నేల అదురుతుంది. మనిషికి తెలియని అదురును కూడా యంత్రం పట్టేస్తుంది.

రెండు, కొండ ఉబ్బడం. నూనెలో పూరీ పొంగినట్లు లోపల మాగ్మా చేరితే కొండ కొద్దిగా పొంగుతుంది. ఆ కొద్ది తేడాను కొలుస్తారు.

మూడు, వాయువు. గంధకం వాసన పెరుగుతుంది. పొగ ఎక్కువవుతుంది.

నాలుగు, వేడి. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు కొండ వేడిని పై నుంచి చూస్తాయి. బారెన్ లాంటి మనుషులు లేని దీవికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

ఇంట్లో బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే మీరు ఏం చేస్తారు? వెంటనే ఏడుస్తూ కూర్చోరు. అట్లని వదిలేసి చేనుకూ పోరు. చెయ్యి పెట్టి చూస్తారు. గంటకోసారి చూస్తారు. పెరిగితే ఆసుపత్రికి తీసుకుపోతారు. కొండ విషయంలో శాస్త్రవేత్తలు చేసేదీ అదే. చాలా దేశాల్లో ఇందుకు మెట్లు పెట్టారు. ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు అని పెంచుతూ పోతారు. మెట్టు పెరిగే కొద్దీ జాగ్రత్త పెరగాలి.

విన్నవాళ్లు, విననివాళ్లు

ఈ జాగ్రత్త ఎంత విలువైనదో రెండు దీవుల కథలు చెబుతాయి. రెండూ జరిగినవే.

దూరాన పసిఫిక్ సముద్రంలో వనువాటు అనే చిన్న దేశం ఉంది. అందులో అంబే అనే దీవి ఉంది. దీవి నడుమ అగ్నిపర్వతం. చుట్టూ ఊళ్లు, తోటలు. 2017 సెప్టెంబరులో కొండ కదలిక బాగా పెరిగింది. ప్రభుత్వం "అందరూ దీవి విడిచి పోవాలి" అని చెప్పింది. సుమారు 11,000 మంది పడవలు ఎక్కారు. పక్క దీవులకు పోయారు. పండిన తోట, పెంచిన పశువు, కట్టుకున్న ఇల్లు వదిలి పోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. అయినా పోయారు. ఆ పెద్ద పేలుడు రాలేదు. నెలకు కాస్త అటూ ఇటూగా తిరిగి వచ్చారు.

"అనవసరంగా పోయాం కదా!" అని ఎవరైనా అనవచ్చు. కానీ 2018లో కొండ మళ్లీ లేచింది. ఈసారి బూడిద ఊళ్ల మీద దట్టంగా కురిసింది. తోటలు పాడయ్యాయి. వాళ్లు మళ్లీ దీవి విడవాల్సి వచ్చింది.

ఇక రెండో కథ. న్యూజిలాండ్ దేశంలో వైట్ ఐలాండ్ అనే దీవి ఉంది. అదీ అగ్నిపర్వతమే. ఊరు లేదు గానీ చూడ్డానికి యాత్రికులు పోయేవాళ్లు. 2019 నవంబరు 18న శాస్త్రవేత్తలు హెచ్చరికను ఒకటో మెట్టు నుంచి రెండో మెట్టుకు పెంచారు. కదలిక పెరిగిందని చెప్పారు. అయినా యాత్రలు ఆగలేదు. డిసెంబరు 9న కొండ ఒక్కసారిగా పేలింది. ఆ సమయంలో దీవి మీద 47 మంది ఉన్నారు. 22 మంది చనిపోయారు. మిగిలిన వాళ్లలో చాలామందికి ఒళ్లు కాలింది.

మొదటి దీవి వాళ్లు తోటలు పోగొట్టుకున్నారు, ప్రాణాలు దక్కించుకున్నారు. తోట మళ్లీ వేసుకోవచ్చు. రెండో దీవిలో పోయినవాళ్లు తిరిగి రాలేదు.

సముద్రం పొంగుతుందా?

2004 డిసెంబరు 26 మనకు గుర్తే. ఆ రోజు సునామీ వచ్చింది. అండమాన్, నికోబార్ దీవుల్లో, తమిళనాడులో వేలమంది పోయారు. మన రాష్ట్ర తీరంలోనూ వందమందికి పైగా చనిపోయారు. అది అగ్నిపర్వతం వల్ల వచ్చింది కాదు. సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున వచ్చిన పెద్ద భూకంపం వల్ల వచ్చింది. ఇంతకు ముందు చెప్పుకున్నాం కదా, పలక కిందికి పలక దూరుతుందని. ఆ అతుకే ఒక్కసారిగా జారింది.

అగ్నిపర్వతం వల్ల కూడా సునామీ రావచ్చు. ఇండోనేషియాలో క్రకటోవా అనే దీవి 1883లో పేలింది. ఆ అలలకు 36,000 మందికి పైగా చనిపోయారు. అదే చోట తర్వాత పుట్టిన కొండ 2018లో నెలల తరబడి మండుతూ ఉండింది. డిసెంబరు 22 రాత్రి దాని ఒక పక్క విరిగి సముద్రంలో పడింది. అల లేచి నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ముందు పెద్ద భూకంపం రాలేదు. అందుకే ఎవరికీ గుర్తు తెలియలేదు.

బారెన్ దీవి 1991 నుంచి ఎన్నోసార్లు మండింది. దాని వల్ల మన తీరానికి అలలు రాలేదు. అయినా కాపలా ఉండాలి. ఆ కాపలా మన హైదరాబాదులోనే ఉంది. అక్కడి భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. అందులో రాత్రింబగళ్లు మనుషులు మేలుకొని ఉంటారు. సముద్రంలో భూకంపం వస్తే నిమిషాల్లో లెక్క కట్టి తీరం వాళ్లకు చెబుతారు. 2004లో మనకు ఆ కాపలా లేదు.

దొర్నిపాడు సముద్రానికి చాలా దూరం. సునామీ మన దాకా రాదు. ఫోన్‌లో ఎవరైనా "అగ్నిపర్వతం పేలింది, మన జిల్లా మునుగుతుంది" అని పంపితే నమ్మొద్దు. పది మందికి పంపొద్దు.

బూడిద మాత్రం మన దాకా వచ్చింది!

ఇప్పుడు ఒక వింత చెబుతాను. బారెన్ దీవి బూడిద మన ఊళ్లను కప్పలేదు. కానీ ఇంకో దీవి కొండ బూడిద మన నంద్యాల జిల్లా నేలలో ఇప్పటికీ ఉంది.

బనగానపల్లె దగ్గర జుర్రేరు వాగు లోయ ఉంది. ఆ లోయలో జ్వాలాపురం అనే ఊరు ఉంది. పేరులో జ్వాల ఉంది గానీ అక్కడ మండే కొండ లేదు. అక్కడ నేలను తవ్వితే తెల్లని మెత్తని బూడిద పొర వస్తుంది. కొన్ని చోట్ల అది రెండు మీటర్లకు మించి మందం. నిలబడిన మనిషి మునిగిపోయేంత!

ఆ బూడిద ఎక్కడిది? సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట అది పేలింది. మనుషులు భూమి మీద తిరిగిన కాలంలో అంత పెద్ద పేలుడు ఇంకొకటి లేదంటారు. పేలిన చోట కొండ కుంగి పెద్ద గుంట పడింది. ఇప్పుడు అందులో చెరువు ఉంది. దాని పొడవు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ఎగిరి వచ్చి మన నేల మీద పడింది. కొండల మీద పడిన బూడిద వానలకు కొట్టుకొచ్చి లోయలో పేరుకుంది. అందుకే అంత మందం.

ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, విదేశాల నుంచి వచ్చిన మైఖేల్ పెట్రాగ్లియా, ఇంకా ఎందరో అక్కడ తవ్వి చూశారు. బూడిద పొర కింద ఆ కాలపు మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. బూడిద పొర పైన కూడా దొరికాయి. 2007లో ఈ సంగతిని లోకానికి చెప్పారు.

దీని అర్థం ఆలోచించండి. అంత బూడిద కురిసింది. చెట్టు చేమ కప్పబడింది. వాగు నీళ్లు బూడిద నీళ్లయ్యాయి. అయినా మనుషులు పూర్తిగా అంతరించలేదు. మళ్లీ రాయి చెక్కారు. మళ్లీ వండుకు తిన్నారు. మళ్లీ బిడ్డల్ని పెంచారు. అది జరిగింది మన జిల్లాలోనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ బూడిదను తవ్వి అమ్మారు. శుభ్రం చేసే పొడుల తయారీకి అది పోయింది. పొయ్యి బూడిదతో గిన్నె తోమినట్లే ఇదీ తోముతుంది కదా! కూలి దొరికింది, నాలుగు డబ్బులు వచ్చాయి. పేదవాళ్ల కూలిని తప్పు పట్టలేం. కానీ పొర పోతే దానితో పాటు కథ కూడా పోతుంది. 74,000 ఏళ్లు నిలిచిన పొరను పార కొన్నేళ్లలో ఖాళీ చేయగలదు. కూలికి వేరే దారి చూపి, ఆ చోటును కాపాడమని అడిగే హక్కు ఈ జిల్లా ఆడవాళ్లకు ఉంది.

కొండ బూడిద వేరు, పొయ్యి బూడిద వేరు

పొయ్యి బూడిద కట్టె కాలితే వచ్చేది. కొండ బూడిద రాయి పొడి, గాజు పొడి. అది నీళ్లలో కరగదు. కంట్లో పడితే గీరుకుంటుంది. ఊపిరిలో పోతే రొమ్ముకు చెరుపు. బూడిద కురిసే చోట ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. నీళ్ల కుండల మీద మూత పెట్టాలి. ఇంటి కప్పు మీద పేరుకుంటే ఊడ్చాలి. వాన పడితే దాని బరువు పెరిగి కప్పు కూలవచ్చు.

విమానాలకు కూడా ఇది శత్రువు. 1982లో ఇండోనేషియా మీదుగా పోతున్న ఒక పెద్ద విమానం బూడిద పొగలో దూరింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. అదృష్టం బాగుండి మళ్లీ నడిచాయి, క్షేమంగా దిగింది. అప్పటి నుంచి బూడిద ఎటు పోతోందో విమానాలకు చెప్పే కేంద్రాలు పెట్టారు. బారెన్ దీవి బూడిద సంగతి చెప్పే కేంద్రం ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్నంలో ఉంది.

మనకు ఇందులో ఏముంది?

మన ఊరికి అగ్నిపర్వతం రాదు. సునామీ రాదు. కానీ వరద వస్తుంది. కుందూ పొంగుతుంది. పిడుగు పడుతుంది. 2009 అక్టోబరులో కర్నూలు పట్నం మునిగింది మరిచిపోలేదు కదా!

అన్నిటికీ పాఠం ఒకటే. ముందు గుర్తులు కనిపిస్తాయి. చూసేవాళ్లు హెచ్చరిక చెబుతారు. విన్నవాళ్లు బతుకుతారు. ఒకసారి హెచ్చరించినా వరద రాకపోతే "ఉత్తదే" అనుకుని రెండోసారి వదిలేయొద్దు. అంబే దీవి వాళ్లను గుర్తు పెట్టుకోండి.

పోవాల్సి వస్తే ముందుగా ఏం తీసుకోవాలి? రేషను కార్డు, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకం, పొలం పాసుపుస్తకం, బిడ్డల మందులు. ఇవన్నీ ఒకే సంచిలో పెట్టి ఉంచండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు. ఏ కాగితం ఏదో మీరే చదివి పెట్టుకోగలరు. హెచ్చరిక వచ్చినప్పుడు ఫోన్‌లో వచ్చిన మాటను మీరే చదవగలరు. ఎవరు పంపారో చూడగలరు. అది ప్రభుత్వం పంపిందా, ఊరికే ఎవరో పంపిందా అని అడగగలరు. ఆపదలో సాయానికి 112 నంబరుకు ఫోన్ చేయగలరు.

చదువు వస్తే కొండ చల్లారదు. కానీ కొండ ఏం చెబుతోందో అర్థమవుతుంది. ఎప్పుడు ఇంట్లో నిమ్మళంగా ఉండాలో, ఎప్పుడు బిడ్డను చంకనెత్తుకుని కదలాలో తెలుస్తుంది.

కొత్త మాటలు

అగ్నిపర్వతం – కరిగిన రాయి, పొగ, బూడిద బయటికి వచ్చే కొండ
మాగ్మా – నేల లోపల కరిగి ఉన్న రాయి
లావా – బయటికి వచ్చి పారే కరిగిన రాయి
దీవి – చుట్టూ నీళ్లున్న నేల
సునామీ – భూకంపం, అగ్నిపర్వతం వంటి వాటి వల్ల సముద్రంలో లేచే పెద్ద అల
హెచ్చరిక – ఆపద రాకముందే చెప్పే మాట

కూర్చుని మాట్లాడుకోండి

1. బారెన్ దీవి ఎన్నేళ్లు నిద్రపోయింది? ఏ సంవత్సరంలో లేచింది?
2. కొండ కదలిక పెరిగిందని శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది? నాలుగు గుర్తులు చెప్పండి.
3. అంబే దీవి వాళ్ల స్థానంలో మీరుంటే రెండోసారి కూడా ఇల్లు వదిలి పోతారా? ఎందుకు?
4. మన ఊరిలో వరద హెచ్చరిక ఎవరు చెబుతారు? అది ఆడవాళ్ల దాకా వస్తోందా? రాకపోతే పంచాయతీలో ఏమని అడగాలి? నాలుగు వాక్యాలు రాయండి.